శబ్దం, వేడి, గాలి: కృష్ణా డెల్టా ఇళ్ళలో శ్రవణ పరికరాల చరిత్ర

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 రేడియో రాక: వాల్వుల కాలం
9.3 ట్రాన్సిస్టరు: చల్లని పెట్టె
9.4 డాబా ఇల్లు, అద్దాల షోకేసు, యాంప్లిఫయరు
9.5 ఫ్యాను ప్రవేశం
9.6 ఒక ఇంటి అనుభవం
9.7 నేటి పరిస్థితి
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని తెలుసుకోండి
9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• కృష్ణా డెల్టా ఇళ్ళలోకి రేడియో, ట్రాన్సిస్టరు, యాంప్లిఫయరు ఏ క్రమంలో వచ్చాయో చెప్పగలుగుతారు.
• ఈ పరికరాలు ఎందుకు వేడెక్కుతాయో, ఆ వేడిని తగ్గించడానికి ఫ్యాను ఎలా ఉపయోగపడుతుందో వివరించగలుగుతారు.
• వాతావరణం, ఇంటి నిర్మాణం, వాడుకరి అలవాట్లు కలిసి ఒక యంత్రం ఆయుష్షును ఎలా నిర్ణయిస్తాయో విశ్లేషించగలుగుతారు.
• ఇళ్ళలో ఉన్న ధ్వని ముద్రణలను చరిత్ర ఆధారాలుగా గుర్తించి, వాటిని కాపాడుకోవలసిన అవసరాన్ని తెలుసుకుంటారు.

9.1 పరిచయం

సాంకేతిక చరిత్ర అనగానే మనకు ఆవిష్కర్తల పేర్లు గుర్తుకు వస్తాయి. రేడియో వాల్వును ఎవరు కనిపెట్టారు, ట్రాన్సిస్టరును ఎవరు కనిపెట్టారు అన్న ప్రశ్నలకు పాఠ్య పుస్తకాలలో జవాబులు సులభంగా దొరుకుతాయి. ఆ వస్తువు ఒక ఊరికి చేరిన తరువాత దానికి ఏమైంది, దాన్ని ఎవరు బాగుచేశారు, అక్కడి ఎండకు, తేమకు, దుమ్ముకు అది ఎలా తట్టుకుంది అన్న ప్రశ్నలకు మాత్రం అంత సులభంగా దొరకవు. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ లోపాన్నే ఎత్తి చూపాడు. కొత్తగా కనిపెట్టిన వస్తువుల చరిత్రతో పాటు, వాడుకలో ఉన్న వస్తువుల చరిత్రనూ రాయాలన్నది ఆయన వాదన.

ఆ దృష్టితో ఈ యూనిట్‌లో ఒక చిన్న విషయాన్ని తీసుకుంటున్నాం. పాట వినిపించే యంత్రాన్ని వేడి నుంచి కాపాడుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. ఇందుకు విజయవాడ కంటే తగిన ఊరు దొరకడం కష్టం. బెజవాడను ‘బ్లేజ్‌వాడ’ అనడం ఎప్పటి నుంచో ఉన్న చమత్కారం. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. చుట్టూ ఉన్న డెల్టాలో కాలువల తేమ, దిగువన సముద్రపు ఉప్పు గాలి కూడా ఉంటాయి. చల్లని దేశాలలో రూపొందిన యంత్రాలకు ఇది కఠినమైన పరీక్ష.

మనుషులకు ఈ వేడి కొత్త కాదు. తాటాకు విసనకర్రలు, గుమ్మాలకు కట్టి నీళ్ళు చల్లే వట్టివేళ్ళ తడికలు, ఎత్తయిన పెంకుటిళ్ళు, వీధి అరుగులు అన్నీ వేడితో సర్దుకుపోయే పద్ధతులే. అమెరికాలో స్కైలర్ వీలర్ 1880లలో విద్యుత్ బల్ల ఫ్యానును రూపొందించాడు. ఆ దశకంలోనే ఫిలిప్ డీల్ సీలింగు ఫ్యానును తయారు చేశాడు. క్రమంగా విద్యుత్తు ఉన్న మన ఇళ్ళకూ ఫ్యాన్లు వచ్చాయి. మనిషికి గాలి కావాలన్న సంగతి అందరికీ తెలుసు. పెట్టెకు కూడా గాలి కావాలన్న సంగతి తెలియడానికి మరి కొంత కాలం పట్టింది.

9.2 రేడియో రాక: వాల్వుల కాలం

రేడియో కంటే ముందు డెల్టాలోని కలిగిన ఇళ్ళలో ఉన్న శ్రవణ పరికరం గ్రామఫోను. తాళం ఇచ్చి తిప్పే ఆ యంత్రానికి విద్యుత్తు అక్కరలేదు కాబట్టి లోపల వేడి పుట్టదు. దాని సమస్య అంతా బయటి ఎండతోనే. లక్కతో చేసిన రికార్డులను ఎండలో మరచిపోతే వంకర తిరిగేవి. ఆ విధంగా ధ్వని పరికరాలను ఎండ తగలని చోట ఉంచాలన్న మొదటి పాఠాన్ని గ్రామఫోనే నేర్పింది.

ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. తెలుగు కార్యక్రమాలను కోస్తా జిల్లాల శ్రోతలు అక్కడి నుంచే వినేవారు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. ఈ కేంద్రంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ పనిచేశారు. 1970లలో బాలాంత్రపు రజనీకాంతరావు కేంద్ర సంచాలకులుగా ఉన్నారు. ఉషశ్రీ రామాయణ, భారత ప్రసంగాల కోసం జనం పనులు ఆపుకొని రేడియో దగ్గర కూర్చునేవారు. ఈ కార్యక్రమాల వల్లనే రేడియో ఇంటికి అవసరమైన వస్తువుగా మారింది.

అప్పటి రేడియో వాల్వులతో పనిచేసేది. ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ 1904లో రెండు ఎలక్ట్రోడుల వాల్వును, అమెరికాలో లీ డి ఫారెస్ట్ 1906లో మూడు ఎలక్ట్రోడుల వాల్వును తయారు చేశారు. వాల్వు పనిచేయాలంటే దాని లోపలి తీగ ఎర్రగా కాలాలి. అంటే వాల్వు రేడియోలో వేడి ఒక లోపం కాదు, పనిలో భాగం. స్విచ్చి వేసిన వెంటనే రేడియో పలకకపోవడానికి, వాల్వులు వేడెక్కేదాకా కాసేపు ఆగవలసి రావడానికి కారణం అదే.

సాధారణంగా అయిదు వాల్వుల ఇంటి రేడియో సుమారు 40 నుంచి 60 వాట్ల విద్యుత్తు తీసుకునేది. స్పీకరుకు అందేది మాత్రం మూడు, నాలుగు వాట్లే. మిగిలినదంతా పెట్టెలో వేడిగా మారేది. చివరి వాల్వు గాజు బుడ్డి ఉపరితలం 100 డిగ్రీలు దాటేది. అందుకే తయారీదారులు రేడియో వెనుక రంధ్రాలు, చీలికలు ఉన్న అట్ట బిగించేవారు. కింది రంధ్రాల నుంచి చల్లగాలి లోపలికి పోయి, వేడెక్కి తేలికై పై రంధ్రాల నుంచి బయటికి రావాలన్నది వారి ఏర్పాటు. దీనికి ఫ్యాను అక్కరలేదు. వేడిగాలి పైకి పోవడమనే ప్రకృతి నియమమే చాలు. అయితే పెట్టె వెనుక కొంత ఖాళీ ఉండాలి.

మన ఇళ్ళలో ఆ ఖాళీ ఉండేదా? రేడియో ఖరీదైన వస్తువు. దానికి ఏటా లైసెన్సు రుసుము కూడా కట్టాలి. ఈ లైసెన్సు విధానం 1980ల మధ్యలో గాని పూర్తిగా పోలేదు. అంత విలువైన వస్తువును దుమ్ము పడకుండా చూసుకోవడం సహజం. కనుక గోడకు ఆనించిన అలమరలో పెట్టి, ఆడవాళ్ళు ముచ్చటగా అల్లిన లేసు గుడ్డ కప్పేవారు. పెట్టెకు చేసిన ఆ మర్యాదే దాని ఊపిరి ఆపేది. లోపలి కండెన్సర్ల మైనం కరిగేది, రబ్బరు తొడుగులు పెళుసుబారేవి, ట్రాన్స్‌ఫార్మరు నుంచి కమురు వాసన వచ్చేది. రేడియో మెకానిక్కు మొదట చేసే పని వెనక అట్ట విప్పి దుమ్ము దులపడం. చివర చెప్పే మాట గుడ్డ తీసేయమని.

ఉష్ణమండలంలో ఎలక్ట్రానిక్ పరికరాలు త్వరగా చెడిపోతాయన్న సంగతి ప్రపంచానికి స్పష్టంగా తెలిసింది రెండో ప్రపంచ యుద్ధంలో. బర్మాలోను, పసిఫిక్ దీవులలోను సైన్యాల వైర్‌లెస్ సెట్లు తేమ వల్ల, బూజు వల్ల పనికిరాకుండా పోయాయి. అప్పటి నుంచి వాటి లోపలి భాగాలకు బూజు పట్టని వార్నిషు పూసే పద్ధతి వచ్చింది. దీనికి ట్రాపికలైజేషన్ అని పేరు. తయారీదారు కర్మాగారంలో చేయగలిగింది అంతవరకే. ఇంట్లో పెట్టె ఎక్కడ పెడతామన్నది వాడుకరి చేతిలోనే ఉంది.

9.3 ట్రాన్సిస్టరు: చల్లని పెట్టె

విజయవాడ రేడియో కేంద్రం మొదలుకావడానికి సుమారు ఏడాది ముందు, 1947 డిసెంబరులో, అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ ట్రాన్సిస్టరును పనిచేయించి చూపారు. వారి బృందంలోని విలియం షాక్లీతో కలిపి ముగ్గురికీ 1956లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ట్రాన్సిస్టరులో కాలే తీగ లేదు. అందుచేత చిన్న ట్రాన్సిస్టరు రేడియో ఒక వాటు కంటే తక్కువ విద్యుత్తుతో, టార్చిలైటు బ్యాటరీలతో పనిచేయగలిగింది.

1960లలో ఈ రేడియోలు మన పల్లెలకు చేరాయి. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తయి, ఆయకట్టు స్థిరపడి, తరువాతి దశకంలో కొత్త వరి వంగడాలు రావడంతో డెల్టా రైతు చేతిలో డబ్బు ఆడిన కాలం అది. విద్యుత్తు లేని ఊళ్ళో కూడా రేడియో మోగింది. వాల్వు రేడియో ఇంట్లో ఒకచోట ఉండేది. ట్రాన్సిస్టరు మనిషి వెంట కళ్ళానికి, పశువుల కొట్టానికి, పడవ మీదికి వెళ్ళింది.

ఈ తేడా ఎంత ముఖ్యమో 1977 నవంబరు 19 చెబుతుంది. ఆ రోజు దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది మరణించారు. కరెంటుతో నడిచే సెట్టు స్తంభం పడిపోగానే మూగబోతుంది. తుఫాను రాత్రి ప్రపంచంతో సంబంధం నిలిపే అవకాశం బ్యాటరీ సెట్టుకే ఉంది. తుఫాను జాగ్రత్తల జాబితాలలో బ్యాటరీ రేడియో దగ్గర ఉంచుకోవాలన్న సూచన నేటికీ కొనసాగుతోంది. ఒక పరికరం తక్కువ వేడి పుట్టించడం, తక్కువ విద్యుత్తుతో నడవడం ఒకే గుణానికి రెండు ముఖాలు. ఆ గుణం విలువ పాట వినడానికి మాత్రమే పరిమితం కాదని విద్యార్థులు గమనించాలి.

అయితే మొదటి తరం ట్రాన్సిస్టర్లు జర్మేనియంతో చేసినవి. జర్మేనియం వేడికి త్వరగా లొంగుతుంది. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా అందులో అనవసరంగా కారిపోయే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. ఆ కరెంటు మరింత వేడిని, ఆ వేడి మరింత కరెంటును పుట్టిస్తాయి. అదుపు తప్పితే ట్రాన్సిస్టరు కాలిపోతుంది. ఎండలో వదిలేసిన రేడియో గొంతు బొంగురుపోవడం ఆ కాలపు శ్రోతలకు అనుభవమే. తరువాత వచ్చిన సిలికాన్ ట్రాన్సిస్టర్లు ఇంతకంటే ఎక్కువ వేడిని తట్టుకున్నాయి.

9.4 డాబా ఇల్లు, అద్దాల షోకేసు, యాంప్లిఫయరు

ట్రాన్సిస్టరుతో వేడి సమస్య తీరిపోయిందని అనుకోవచ్చు. వాస్తవానికి అది మరో రూపంలో తిరిగి వచ్చింది. దీనికి మూడు కారణాలు కనబడతాయి.

మొదటి కారణం: పెద్ద శబ్దం. ఫిలిప్స్ సంస్థ 1963లో క్యాసెట్టును ప్రవేశపెట్టింది. 1970ల చివరి నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళివచ్చినవారు టూ-ఇన్-వన్‌లు తెచ్చారు. స్టీరియో మోజు పెరిగింది. సోనోడైన్, కాస్మిక్ వంటి దేశీయ సెట్లు కొనలేనివారు రేడియో కొట్టులో యాంప్లిఫయరు అసెంబుల్ చేయించుకునేవారు. 1969లో మొదలైన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ వంటి పత్రికలలోని సర్క్యూట్లు, 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్లు, తరువాత శాన్యో సంస్థ ఎస్‌టీకే మాడ్యూళ్ళు ఈ పనికి ఆధారం.

ఇక్కడ ఒక పోలిక అవసరం. శ్రీరామనవమి పందిళ్ళలో, ఎన్నికల సభలలో వాడే మైకు సెట్టు బాకా స్పీకరు తనకు అందిన విద్యుత్తులో పదోవంతుకు పైగా శబ్దంగా మార్చగలదు. అందుకే తక్కువ వాట్ల యాంప్లిఫయరుతోనే ఊరంతా వినిపించేది. ఇంట్లో వాడే పెట్టె స్పీకరు మాత్రం సుమారు నూటికి ఒక వంతే శబ్దంగా మారుస్తుంది. బాకాలో లేని తియ్యదనం, లోతు అందులో ఉంటాయి. వాటికి మూల్యంగా పెద్ద యాంప్లిఫయరు కావాలి. పెద్ద యాంప్లిఫయరు అంటే ఎక్కువ వేడి.

రెండో కారణం: ఇల్లు మారడం. పెంకుటింట్లో కప్పు ఎత్తుగా ఉండి, పెంకుల సందుల నుంచి వేడిగాలి బయటికి పోయేది. పంట డబ్బుతో కట్టిన సిమెంటు డాబా ఇల్లు పటిష్ఠమైనదే. కాని పగలంతా ఎండ తాగిన శ్లాబు ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. జనం పాటలు వినేది కూడా సాయంత్రం, రాత్రి వేళల్లోనే.

మూడో కారణం: షోకేసు. కొత్త ఇంటి ముందుగదిలో గోడలోకి కట్టిన అద్దాల తలుపుల షోకేసు గౌరవ చిహ్నమైంది. కొండపల్లి బొమ్మలు, పిల్లల బహుమతుల కప్పులు, వాటి నడుమ యాంప్లిఫయరు, డెక్కు. దుమ్ము పడకూడదని తలుపులు మూసే ఉంచేవారు. లేసు గుడ్డ చేసిన పనినే అద్దం తలుపు ఇంకా సమర్థంగా చేసింది.

ఈ మూడూ కలిసినప్పుడు ఏమవుతుందో ఒక లెక్కతో చూద్దాం. ఒక యాంప్లిఫయరులో ట్రాన్సిస్టర్లు 30 వాట్ల వేడి పుట్టిస్తున్నాయి అనుకుందాం. వాటికి బిగించిన అల్యూమినియం హీట్ సింకు ఒక్కో వాటుకు ఒక డిగ్రీ చొప్పున పైకెక్కుతుంది అనుకుందాం.

• 25 డిగ్రీల గదిలో హీట్ సింకు ఉష్ణోగ్రత: 25 + 30 = 55 డిగ్రీలు.
• మే నెలలో 42 డిగ్రీల గదిలో: 42 + 30 = 72 డిగ్రీలు.
• అదే గదిలో మూసిన షోకేసులోని గాలి మరో 15 డిగ్రీలు వేడెక్కితే: 57 + 30 = 87 డిగ్రీలు.

హీట్ సింకు మీద 87 డిగ్రీలు ఉంటే ట్రాన్సిస్టరు లోపల అంతకంటే ఎక్కువ ఉంటుంది. పక్కనున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల పరిస్థితి మరీ కష్టం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల స్థూల నియమం. పై లెక్కలో ఎండను మనం మార్చలేం. షోకేసు కలిపిన 15 డిగ్రీలు మాత్రం మన చేతిలో ఉన్నవి. చరిత్రలో ‘వాతావరణమే కారణం’ అని తేల్చేసే ముందు ఇలా విడదీసి చూడడం అవసరం.

9.5 ఫ్యాను ప్రవేశం

యంత్రానికి ఫ్యాను పెట్టడం మొదట ఇళ్ళలో మొదలైన పద్ధతి కాదు. ప్రసార కేంద్రాల పెద్ద ట్రాన్స్‌మిటర్ల వాల్వులను గాలితో గాని, నీటితో గాని చల్లబరచడం రేడియో తొలి దశకాల నుంచే ఉంది. సినిమాహాళ్ళలో ప్రొజెక్టరు దీపం వేడిని పొగగొట్టం ద్వారా బయటికి పంపేవారు. పెద్ద సభలకు వాడే అధిక శక్తి యాంప్లిఫయర్లలో ఫ్యాన్లు అమర్చడం తరువాత సాధారణమైంది. ఇంటి సెట్లకు మాత్రం రెండు అడ్డంకులు ఉండేవి: చిన్న ఫ్యాను సులభంగా దొరకకపోవడం, దొరికినదాని రొద.

ఈ రెండింటికీ పరిష్కారం అనుకోని దారిలో, కంప్యూటరు ద్వారా వచ్చింది. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరు విద్యుత్ సరఫరా పెట్టెలోనే ఒక ఫ్యాను ఉంది. 1990లలో కంప్యూటర్లు మన పట్టణాలకు విరివిగా చేరాయి. పాతబడిన వాటి నుంచి విప్పిన 80 మిల్లీమీటర్ల, 12 వోల్టుల ఫ్యాన్లు మరమ్మతు కొట్లకు చౌకగా దొరికాయి. ఒక పని కోసం తయారైన వస్తువు, బెజవాడలో మరో పనికి ఒదిగింది. ఎడ్జర్టన్ చెప్పిన వాడుక చరిత్రకు ఇది మంచి ఉదాహరణ.

ఈ ఫ్యాను పని తీరును నాలుగు అంశాలుగా గుర్తుంచుకోవచ్చు.

1. ఫ్యాను గాలిని చల్లబరచదు, మారుస్తుంది. గది 42 డిగ్రీలు ఉంటే పెట్టెలోని గాలి అంతకంటే చల్లబడదు. మూసిన పెట్టె అదనంగా కలిపిన వేడిని మాత్రం తీసేస్తుంది.

2. కొద్ది గాలి చాలు. 50 వాట్ల వేడిని బయటికి పంపుతూ, లోపలి గాలి గది కంటే 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా చూడాలంటే సెకనుకు 4 నుంచి 5 లీటర్ల గాలి కదిలితే సరిపోతుంది. అడ్డు లేని చోట 80 మిల్లీమీటర్ల ఫ్యాను దీనికి రెట్టింపు పైనే ఇస్తుంది. కనుక 12 వోల్టుల ఫ్యానును 7 వోల్టుల దగ్గర మెల్లగా తిప్పవచ్చు. రొద తగ్గుతుంది, పాట మధ్యలో ఫ్యాను చప్పుడు వినబడదు. బిగించేచోట రబ్బరు వాషర్లు వేస్తే పెట్టె అదరదు.

3. గాలికి దారి కావాలి. చల్లగాలి లోపలికి వచ్చే రంధ్రం కింద, ముందువైపు ఉండాలి. ఫ్యాను పైన, వెనకవైపు ఉండి గాలిని బయటికి తోయాలి. వేడిగాలి సహజంగా పోయే దిక్కుకే ఫ్యాను సాయం చేయాలి. లోపలికి దారి లేకుండా ఫ్యాను పెడితే అది ఉన్న గాలినే చిలుకుతూ ఉంటుంది.

4. గాలితో దుమ్ము కూడా వస్తుంది. దుమ్ము హీట్ సింకు రెక్కల మధ్య పేరుకుంటే దుప్పటి కప్పినట్లే. గాలి వచ్చేచోట పలుచని జాలీ పెట్టి, నెలకోసారి శుభ్రం చేయాలి. పెట్టె మూత విప్పేముందు ప్లగ్గు తీయాలి. పెద్ద కెపాసిటర్లలో ఆ తరువాత కూడా కొంతసేపు విద్యుత్తు నిలవ ఉంటుంది కాబట్టి లోపలి పని తెలిసినవారికే వదలాలి.

నీళ్ళ కూలరు గాలిని యంత్రం మీదికి మళ్ళించడం డెల్టాలో మంచిది కాదు. ఇక్కడి గాలిలో అసలే తేమ ఎక్కువ. అది మరింత పెరిగితే సోల్డరింగు అతుకులు, స్విచ్చుల లోపలి రేకులు చిలుము పడతాయి.

9.6 ఒక ఇంటి అనుభవం

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం మా ఇంట్లోనే జరిగిన ఒక నష్టం. దాన్ని ఇక్కడ చెప్పడం విద్యార్థులకు ఉపయోగమని భావిస్తున్నాను.

1990లలో విజయవాడలోని మా ఇంటి షోకేసులో ఒక అసెంబుల్డ్ యాంప్లిఫయరు ఉండేది. రెండు వేసవులలో రెండుసార్లు దాని పవర్ ట్రాన్సిస్టర్లు కాలిపోయాయి. రెండుసార్లూ కొట్టుకు తీసుకెళ్ళి కొత్తవి వేయించాను. మూడోసారి 1998 మే నెలలో తీసుకెళ్ళినప్పుడు ఆ మెకానిక్కు పెట్టె విప్పలేదు. సాయంత్రం తానే ఇంటికి వచ్చాడు. షోకేసు తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి, “మాస్టారూ, జబ్బు పెట్టెకు కాదండీ, ఈ బీరువాకి. దీనికి గాలి పెట్టకుండా నేనెన్ని ట్రాన్సిస్టర్లు మార్చినా మీ డబ్బే దండగ” అన్నాడు.

మరునాడు ఒక పాత కంప్యూటరు ఫ్యాను తెచ్చి, షోకేసు వెనక చెక్కకు పైభాగంలో రంధ్రం కోసి బిగించాడు. కింద మరో రంధ్రం కోసి జాలీ కొట్టాడు. ఆ తరువాత పదకొండేళ్ళపాటు ఆ యాంప్లిఫయరు చెడిపోలేదు. నేను అప్పటికి ఎన్నో ఏళ్ళుగా చరిత్ర పాఠాలు చెబుతున్నాను. కార్యకారణ సంబంధం గురించి ఎన్నో తరగతులు తీసుకున్నాను. నా ఇంట్లో కారణాన్ని మాత్రం ఆయనే చూపించాడు.

అయితే ఆయన రావడం ఒక విషయంలో ఆలస్యమైంది. ఆ యాంప్లిఫయరు పై అరలోనే మా క్యాసెట్లు ఉండేవి. వాటిలో ఒకటి 1986లో మా అమ్మ పాడగా రికార్డు చేసినది. పెళ్ళిళ్ళలో, పేరంటాలలో పాడే మంగళహారతులు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు అందులో ఉన్నాయి. అవి ఏ పుస్తకంలోనూ ఆమె చదివినవి కావు; వాళ్ళ అమ్మమ్మ నుంచి నేర్చుకున్నవి. 1998 నాటికి ఆమె లేరు. ఆ సాయంత్రం షోకేసు సర్దుతూ క్యాసెట్టు బయటికి తీస్తే దాని ప్లాస్టిక్ పెట్టె వంగిపోయి ఉంది. లోపల ఒత్తే మెత్త జిగురు ఊడి పడిపోయింది. మరో పెట్టెలోకి టేపు మార్చి వినిపిస్తే, ఒక చుట్ట మీది శబ్దం పక్క చుట్టకు అంటుకొని, ప్రతి పాటకు ముందు దాని నీడ వినిపించింది. వేడిలో ఎక్కువ కాలం ఉన్న టేపుకు ఈ దోషం పెరుగుతుందని తరువాత తెలుసుకున్నాను. కొన్ని పాటలు దక్కాయి. ఒక వైపు టేపు ముడతలు పడి తెగిపోయింది. అందులోని పాటలు ఇప్పుడు మా కుటుంబంలో ఎవరికీ రావు.

కాలిన ట్రాన్సిస్టరుకు బదులు దొరుకుతుంది, పోయిన గొంతుకు దొరకదు. మేము ఖరీదైన యంత్రాన్ని కాపాడుకోవాలనుకున్నాం. దాని పైన ఉన్నది చరిత్ర ఆధారమని గుర్తించలేదు. స్త్రీల పాటలు, హరికథలు, ఊరి పెద్దల మాటలు ముద్రించిన ఇలాంటి క్యాసెట్లు డెల్టా ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. అవి ఏ పురాలేఖ కార్యాలయంలోనూ లేవు. వాటిని ఉంచిన అలమర ఎంత చల్లగా, ఎంత పొడిగా ఉన్నదన్న దాని మీదే వాటి మనుగడ ఆధారపడి ఉంది.

9.7 నేటి పరిస్థితి

ఇప్పటి చిన్న స్పీకర్లలో, అనేక కొత్త యాంప్లిఫయర్లలో ‘క్లాస్ డి’ పద్ధతి వాడుతున్నారు. ఇందులో ట్రాన్సిస్టరు స్విచ్చిలాగా పనిచేస్తుంది కాబట్టి, పూర్తి శక్తితో నడిచేటప్పుడు తీసుకున్న విద్యుత్తులో నూటికి 90 వంతుల వరకు స్పీకరుకు అందించగలదు. పాత ‘క్లాస్ ఎబి’ పద్ధతిలో సిద్ధాంతరీత్యా గరిష్ఠం 78.5 వంతులు, సాధారణంగా పాట వినే స్థాయిలో అంతకంటే చాలా తక్కువ. కొత్త పద్ధతి వల్ల వేడి బాగా తగ్గింది.

అయినా సమస్య పూర్తిగా పోలేదు. హోం థియేటరు రిసీవర్లు ఇప్పటికీ వేడెక్కుతాయి. వాటిని టీవీ కింది చెక్క అరలో దూర్చి, నెత్తిన సెట్‌టాప్ బాక్సు పెట్టడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. గదికి ఏసీ ఉన్నవారికి ఇది అంతగా తెలియదు. ఏసీ లేని ఇంట్లో, పై అంతస్తు శ్లాబు కింద, అదే పరికరం తక్కువ కాలం మన్నుతుంది. ఒకే ధర పెట్టి కొన్న వస్తువు ఇద్దరి ఇళ్ళలో రెండు రకాలుగా బతుకుతుంది. వేడి విషయంలో కూడా ఆర్థిక అసమానత ఉందని దీనివల్ల గ్రహించవచ్చు. చౌకయిన ఒక చిన్న ఫ్యాను, రెండు రంధ్రాలు, వెనక నాలుగు వేళ్ళ ఖాళీ ఆ తేడాను కొంతవరకు పూడ్చగలవు.

9.8 సారాంశం

కృష్ణా డెల్టా ఇళ్ళలో శ్రవణ పరికరాలు గ్రామఫోను, వాల్వు రేడియో, ట్రాన్సిస్టరు, యాంప్లిఫయరు అనే క్రమంలో వచ్చాయి. వాల్వు రేడియోకు వేడి పనిలో భాగం. వెనక అట్టలోని రంధ్రాలే దానికి రక్షణ. ట్రాన్సిస్టరు వేడిని తగ్గించి రేడియోను కరెంటు లేని చోటుకు తీసుకెళ్ళింది. పెద్ద శబ్దం మీద మోజు, డాబా ఇల్లు, అద్దాల షోకేసు కలిసి వేడి సమస్యను మళ్ళీ తెచ్చాయి. కంప్యూటరు ద్వారా చేరిన చిన్న ఫ్యానును స్థానిక మెకానిక్కులు దీనికి పరిష్కారంగా మలిచారు. వారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేకపోయినా, యంత్రాలను ఈ నేలకు అలవాటు చేసినవారు వారే. పరికరాలతో పాటు వాటి పక్కన ఉన్న ధ్వని ముద్రణలు కూడా వేడికి నశిస్తాయి. వాటిని కాపాడడం చరిత్ర విద్యార్థి బాధ్యత.

9.9 మీ ప్రగతిని తెలుసుకోండి

1. విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఎప్పుడు ప్రారంభమైంది?
2. వాల్వు రేడియో స్విచ్చి వేసిన వెంటనే ఎందుకు పలకదు?
3. జర్మేనియం ట్రాన్సిస్టరుకు వేడి ఎందుకు ప్రమాదకరం?
4. గది కంటే తక్కువ ఉష్ణోగ్రతకు ఫ్యాను యంత్రాన్ని చల్లబరచగలదా?

జవాబులు: 1. 1948 డిసెంబరు 1న. 2. వాల్వు లోపలి తీగ వేడెక్కిన తరువాతే అది పనిచేస్తుంది కాబట్టి. 3. వేడి పెరిగితే కారిపోయే కరెంటు, ఆ కరెంటు వల్ల మళ్ళీ వేడి పెరుగుతూ పోతాయి కాబట్టి. 4. చల్లబరచలేదు, పెట్టె అదనంగా కలిపిన వేడిని మాత్రమే తొలగిస్తుంది.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కృష్ణా డెల్టాలో శ్రవణ పరికరాల వ్యాప్తిని, వాటి వేడి సమస్యను దశలవారీగా చర్చించండి.
2. ఇంటి నిర్మాణంలో, అలవాట్లలో వచ్చిన మార్పులు యంత్రాల మన్నికను ఎలా ప్రభావితం చేశాయి?

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బాకా స్పీకరుకు, ఇంటి స్పీకరుకు గల తేడా వేడి సమస్యను ఎలా పెంచింది?
2. 1977 ఉప్పెన నేపథ్యంలో బ్యాటరీ రేడియో ప్రాముఖ్యాన్ని వివరించండి.

III. క్షేత్ర కార్యం
మీ ఇంట్లో గాని, బంధువుల ఇంట్లో గాని ఉన్న పాత క్యాసెట్లను వెతకండి. ఎవరి గొంతు, ఏ సంవత్సరం, ఏ సందర్భం అన్న వివరాలు రాసుకోండి. అవి ఉన్న చోటు వేడిగా ఉంటే ముందు అక్కడి నుంచి తీయండి. తరువాత వాటిని ఫోనులోకి ఎక్కించి, ఇద్దరి దగ్గర ప్రతులు ఉంచండి. ఆ పాటలు వచ్చినవారు ఇంకా ఉంటే, పరీక్షల దాకా ఆగకుండా ఈ వారంలోనే వెళ్ళి కలవండి.